గర్భిణి మనసు – భర్త బాధ్యత

గర్భవతి ఆరోగ్యమనగానే మనకు స్ఫురించేవి రక్తం, బరువు, బి.పి., ఇనుము మాత్రలు. ఆమె మనస్సు ఎట్లున్నదని అడిగేవారు అరుదు. కాన్పుకు ముందు గాని, తరువాత గాని ఆమె ఊరకే కంటతడి పెట్టినా, బిడ్డను ఎత్తుకొనుటకు ఇష్టపడకపోయినా "గాలి సోకింది" అంటారు. లేదా మారాం అని కొట్టివేస్తారు. వైద్యశాస్త్రం దీనిని కుంగుబాటు వ్యాధిగా గుర్తించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం వర్ధమాన దేశాల గర్భిణులలో సుమారు 16 శాతం, బాలింతలలో సుమారు 20 శాతం మంది మానసిక రుగ్మతకు, ముఖ్యంగా కుంగుబాటుకు, లోనవుతున్నారు.

గోవాలో 252 మంది తల్లులను పరిశీలించి 2002లో ప్రకటించిన అధ్యయనంలో 23 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది. పేదరికం, భార్యాభర్తల మధ్య పొసగకపోవడం, ఆడపిల్ల పుట్టిందన్న చిన్నచూపు ఈ ప్రమాదాన్ని పెంచుతున్నాయని ఆ పరిశోధకులు గుర్తించారు. పేదరికం ఒక్కనాటితో తొలగేది కాదు. తక్కిన రెండింటిని సరిదిద్దే శక్తి చాలావరకు భర్త చేతిలో ఉన్నది.

మన రామగిరి, గోదావరిఖని ప్రాంతంలో కాపురం షిఫ్టులను అనుసరించి నడుస్తుంది. భర్త రాత్రంతా గనిలో ఉండి పగలు నిద్రిస్తాడు. భార్య పగలంతా పనిలో ఉండి రాత్రి ఒంటరిగా మేలుకొంటుంది. బతుకుతెరువు కొరకు సొంత ఊరు విడిచి వచ్చిన వారి క్వార్టరులో తల్లి లేదు, అత్త లేదు. తొలి కాన్పుకు సీమంతమో, సత్వాసానో జరిపి పుట్టింటికి పంపగానే తన బాధ్యత తీరిందని భర్త భావిస్తాడు. ఆ ఆచారం మంచిదే. తల్లి ఆదరణకు సాటి లేదు. కాని చిల్లా నలభై దినాలు ముగిసిన పిదప ఆమె తిరిగి వచ్చేది భర్త ఇంటికే గదా!

"మా అమ్మ పదిమందిని కన్నది, ఇవేవీ ఎరుగదు" అని కొందరు వాదిస్తారు. ఆనాడు ఇంటినిండా చేయందించే ఆడవారుండేవారు. అయినను ఆ తల్లులు కుమిలిపోలేదని ఎవరు చెప్పగలరు? చెప్పుకొనే చోటు లేకపోవడం, బాధ లేకపోవడం ఒకటి కావు.

భర్త చేయవలసినవి అసాధ్యమైన పనులు కావు. వైద్యపరీక్షకు వెంట వెళ్ళాలి. డ్యూటీ దిగి వచ్చి అరగంట ఆమె మాట వినాలి. పుట్టింట ఉన్నప్పుడు ప్రతిదినం ఫోను చేయాలి. బిడ్డను తాను ఎత్తుకొని తల్లికి కొన్ని గంటల నిద్ర కల్పించాలి. ఆడపిల్ల పుడితే అందరికంటే ముందు తాను సంతోషించి, ఎత్తిపొడుపు మాటలకు అడ్డు నిలవాలి. తన భయాలను, అప్పుల బాధలను కూడ ఆమెతో పంచుకోవాలి. కాబోయే తండ్రులకు సైతం కుంగుబాటు వస్తుంది.

అయితే ప్రేమ వైద్యానికి బదులు కాదు. దిగులు రెండు వారాలు దాటినచో వైద్యుని వద్దకు తీసుకొని పోవాలి. టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చును. చావు మాట ఎత్తినచో ఆమెను క్షణమైనా ఒంటరిగా విడువరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

చట్టం ప్రసూతి సెలవును 2017లో 26 వారాలకు పెంచింది. కేంద్ర ప్రభుత్వోద్యోగి అయిన తండ్రికి 15 రోజుల సెలవు ఉన్నది. కాంట్రాక్టు కార్మికునికి అట్టి చట్టబద్ధమైన హక్కు లేదు. కాన్పు నెలలోనైనా అతనిని రాత్రి షిఫ్టు నుండి తప్పించుమని కార్మిక సంఘాలు అడగవలసి ఉన్నది.

మన కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే: ఏటా ఒకసారి వైద్యుని రప్పించి ఈ విషయమై ఉర్దూలోను, తెలుగులోను ఉపన్యాసం ఏర్పాటు చేయండి. ఇది ఆడవారి సంగతి అని విద్యార్థులను బయటకు పంపక, ముందు వరుసలో కూర్చుండబెట్టండి. రేపటి భర్తలు వారే.