సూది గాయాలు: నిబంధనలున్నా నమోదు ఏది?

వాడిన సూదికి తిరిగి మూత పెట్టేటప్పుడు నర్సులకు, రక్త నమూనాలు సేకరించేటప్పుడు ల్యాబ్ టెక్నీషియన్లకు, వ్యర్థాల సంచులు మోసేటప్పుడు పారిశుద్ధ్య సిబ్బందికి సూదులు గుచ్చుకుంటూనే ఉన్నాయి. ఇలాంటి గాయాల వల్ల ఏటా సుమారు 30 లక్షల మంది వైద్య సిబ్బందికి రక్తం ద్వారా వ్యాపించే వైరస్‌ల ముప్పు ఎదురవుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నాటి నివేదికలో అంచనా వేసింది.

వ్యాధిగ్రస్తుని రక్తం అంటిన సూది గుచ్చుకుంటే, టీకా తీసుకోని వ్యక్తికి హెపటైటిస్ బి సోకే అవకాశం 30 శాతం వరకు ఉంటుంది. హెపటైటిస్ సి విషయంలో అది సుమారు 2 శాతం, హెచ్‌ఐవీ విషయంలో 0.3 శాతం. హెపటైటిస్ బి నుంచి టీకా రక్షణ కల్పిస్తుంది. హెచ్‌ఐవీ ముప్పు ఉన్నప్పుడు వీలైతే 2 గంటల్లో, ఆలస్యమైనా 72 గంటల లోపు నివారణ మందులు ప్రారంభించి 28 రోజులు వాడాలి. హెపటైటిస్ సి నివారణకు టీకా లేదు. కనుక గాయమే కాకుండా చూడటం, అయిన వెంటనే తెలియజేయడం కీలకం.

మన దేశంలో ఇందుకు చట్టపరమైన ఆధారం ఉంది. 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం సూదులను గుచ్చినా చిల్లుపడని తెల్లని డబ్బాల్లోనే వేయాలి. వైద్య సిబ్బందితో పాటు వ్యర్థాలను నిర్వహించే ఇతరులకు కూడా హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. ఏటా శిక్షణ, ఆరోగ్య పరీక్షలు జరిపించాలి. వృత్తిరీత్యా ముప్పునకు గురైనవారికి నివారణ చికిత్స అందించే బాధ్యతను 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం సంస్థలపై ఉంచింది.

అయితే అదే 2016 నిబంధనలు సూది గాయాన్ని భారీ ప్రమాదాల నిర్వచనం నుంచి మినహాయించాయి. వార్షిక నివేదికలో చూపితే చాలు. ఏడాది చివర అంకెగా మారే గాయం, ఆ రోజే చికిత్స అందవలసిన మనిషికి మేలు చేయదు. మందలింపునకు, ఉద్యోగ భద్రతకు భయపడి సిబ్బంది మౌనం వహిస్తే ఆ అంకె కూడా నమ్మదగినది కాదు. గుత్తేదారుల ద్వారా పనిచేసే పారిశుద్ధ్య కార్మికుల విషయంలో టీకా బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు తావుండకూడదు.

అమెరికా 2000లో ప్రత్యేక చట్టం చేసి, సురక్షిత పరికరాలను తప్పనిసరి చేసింది. వాటి ఎంపికలో వాడే సిబ్బంది అభిప్రాయం తీసుకోవాలని, ప్రతి గాయాన్నీ నమోదు చేయాలని ఆదేశించింది. ఆ తరువాత అక్కడి ఆసుపత్రుల్లో సూది గాయాలు మూడో వంతుకు పైగా తగ్గాయి. పని ప్రదేశాల్లో జీవసంబంధ ప్రమాదాలపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2025 జూన్‌లో తొలి ఒప్పందాన్ని ఆమోదించింది.

సురక్షిత సిరంజీల ధర కొంత ఎక్కువే. కాని ఒక వ్యక్తికి జీవితాంతం అవసరమయ్యే చికిత్సతో పోల్చి చూడాలి. ప్రతి ఆసుపత్రిలో రాత్రి వేళ కూడా అందుబాటులో ఉండే నివారణ మందులు, శిక్ష భయం లేని నమోదు విధానం, ఒప్పంద కార్మికులందరికీ టీకా తక్షణ అవసరాలు. వీటికి కొత్త చట్టం కోసం వేచి ఉండనవసరం లేదు.