బీబీసీ మైక్రోకి హెచ్‌డీఎంఐ మానిటర్: ఐదొందల కన్వర్టర్‌తో పని కాదు

స్కూల్ స్టోర్‌రూమ్‌లో దొరికిన పాత కంప్యూటర్‌ని "బొమ్మ రావట్లేదు, పోయింది" అని తుక్కులో వేసేస్తున్నారా? కాస్త ఆగండి. చాలాసార్లు లేనిది దానికి సరిపోయే మానిటరే.

1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' ప్రాజెక్టు మొదలుపెట్టి దేశంలో సుమారు 250 స్కూళ్లకు బీబీసీ మైక్రోలు ఇచ్చింది. 2 మెగాహెర్ట్జ్ 6502 ప్రాసెసర్, 32 కేబీ ర్యామ్. మీ వాట్సాప్ స్టిక్కర్ ఒకటి కూడా అందులో పట్టకపోవచ్చు! దీనికి ఒరిజినల్ మానిటరే కావాలని పట్టుబట్టేవాళ్లు నాకు అర్థం కారు. బ్రిటన్ స్కూళ్లలో దీని పక్కన ఎక్కువగా కనిపించిన మైక్రోవిటెక్ కబ్ కూడా ఏకార్న్ తయారీ కాదు. థర్డ్ పార్టీ మానిటర్ అప్పట్లోనే మామూలు.

అలాగని ఏది పడితే అది పెడితే కుదరదు. వెనకాల మూడు వీడియో ఔట్‌పుట్‌లు ఉంటాయి: యాంటెనా సాకెట్‌కి వెళ్లే యూహెచ్‌ఎఫ్, బీఎన్‌సీ మీద కాంపోజిట్, ఆరు పిన్నుల ఆర్‌జీబీ. మనోళ్లు ఆన్‌లైన్‌లో ఐదారొందలకి ఏవీ-టు-హెచ్‌డీఎంఐ డబ్బా తెప్పించి కాంపోజిట్‌కి తగిలిస్తారు. బ్లాక్ అండ్ వైట్ బొమ్మ వస్తుంది. అది ఫాల్ట్ కాదు, కాంపోజిట్ మామూలుగా మోనోక్రోమే. బోర్డు మీద లింక్ కలిపి కలర్ తెప్పించినా అక్షరాల అంచులకు రంగులు అంటుకుంటాయి. పైగా ఆ చౌక డబ్బాలు సిగ్నల్‌ని మామూలు టీవీ ప్రసారం అనుకుని లైన్లను కలిపేస్తాయి. 640×256 మోడ్‌లో 80 కాలమ్‌ల టెక్స్ట్ చదవడం కళ్లకు శిక్షే.

వీజీఏ కేబుల్ చేయించుకుంటే? మామూలు వీజీఏ మానిటర్‌కి కనీసం 31 కిలోహెర్ట్జ్ దాకా కావాలి. ఇది ఇచ్చేది 15.6. 'ఔట్ ఆఫ్ రేంజ్' అని వస్తుంది, అంతే.

నా మాట అడిగితే డబ్బు పెట్టాల్సింది ఆర్‌జీబీ సాకెట్ మీద. అక్కడ వచ్చేది 5 వోల్టుల డిజిటల్ సిగ్నల్. 'ఆర్‌జీబీ టు హెచ్‌డీఎంఐ' అనే ఓపెన్ సోర్స్ బోర్డు రాస్ప్‌బెర్రీ పై జీరోతో దాన్ని పిక్సెల్ పిక్సెల్‌గా చదివి పంపుతుంది. మొదట తయారైందే బీబీసీ మైక్రో కోసం. మానిటర్ 50 హెర్ట్జ్ తీసుకుంటుందో లేదో మాత్రం కొనేముందు చూసుకోండి. ఆఫీసులు వదిలించుకునే పాత 5:4 ఎల్‌సీడీలు దీనికి బాగా నప్పుతాయి. కేబుల్ సొంతంగా సోల్డర్ చేస్తే ఒక జాగ్రత్త: ఆరు పిన్నుల్లో ఒకదాంట్లో 5 వోల్టుల పవర్ ఉంటుంది, అది దేనికీ తగలకూడదు.

గేమ్స్ ఆడాలంటే మాత్రం నా ఓటు డబ్బా టీవీకే. మా రుద్రూర్, బోధన్ వైపు అటకల మీద ఇంకా ఉన్నాయి. పసుపు ఏవీ సాకెట్ ఉన్నదైతే బీఎన్‌సీ అడాప్టర్ ఒక్కటి చాలు. పాత సామాన్లవాళ్లు పట్టుకుపోకముందే అడిగి తెచ్చుకోండి.

ఏ మానిటర్ పెట్టినా స్విచ్ వేసే ముందు పవర్ సప్లై విప్పించండి. అందులోని రీఫా ఫిల్టర్ కెపాసిటర్లు వయసుతో పగిలిపోయి, కరెంటు ఇచ్చిన కాసేపటికి ఘాటైన పొగ వదులుతాయి. మెయిన్స్ మీద పని కాబట్టి మీరు చెయ్యి పెట్టకండి, అనుభవం ఉన్న టీవీ మెకానిక్‌కి ఇవ్వండి.