మణికట్టు మీది తీర్పరి

మొన్న ఆదివారం తెల్లవారుజామున విశాఖ బీచ్ రోడ్డులో జరిగింది చూశాక నా కడుపు మండిపోయింది. మా గుంపులో పరుగెత్తే ఒకావిడ, యాభై నాలుగేళ్ల మనిషి, కూతురి పెళ్లి కబుర్లు చెబుతూ హాయిగా వస్తున్నారు. కోచ్ కుర్రాడు ఆవిడ వాచీలోకి తొంగిచూసి కేకేశాడు. "మేడమ్, ఆగండి! 164! మీ లిమిట్టే 166!" ఆవిడ మొహం పాలిపోయింది. గుండె మీద చెయ్యి వేసుకుని గట్టు మీద కూలబడ్డారు.

నేను వెంటనే ఆవిడ మెడ పక్కన వేళ్లు ఆన్చి పదిహేను సెకన్లు లెక్కపెట్టాను. 33. నిమిషానికి 132. ఆగినందుకు కాస్త తగ్గి ఉంటుంది, కానీ అంతలోనే ముప్ఫై పడిపోదు. అనుమానం వచ్చి అదే వాచీలో అడుగుల లెక్క చూశాను. నిమిషానికి 165! ఈ వాచీలు చర్మం మీదికి పచ్చ వెలుతురు పంపి, వెనక్కొచ్చే వెలుతురు హెచ్చుతగ్గుల్ని బట్టి నాడి లెక్కేస్తాయి. పట్టీ వదులైతే చేతి ఊపునే నాడి అనుకుంటాయి. ఆవిడ కాళ్ల లెక్కని గుండెకి అంటగట్టి మనిషిని హడలగొట్టారు.

ఆ 166 సంగతి ఇంకా ఘోరం. 220లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందని ప్రతి కోచ్చూ వల్లించే మంత్రం. 1971లో ఫాక్స్, నాటన్, హాస్కెల్ అనేవాళ్లు అప్పటికే ఉన్న అంకెల్ని పోగేసి చూసిన ఉజ్జాయింపు అది. దానికోసం ప్రత్యేకంగా చేసిన ప్రయోగమే లేదు. ఒకే వయసువాళ్లలో పది పన్నెండు అటూ ఇటూ ఉండడం మామూలు. 2001లో టనాకా బృందం వేరే సూత్రం చెప్పింది, దాని ప్రకారం ఆవిడకి 170. అదీ సగటే. సగటు మనిషి గుండెని తెచ్చి ఈవిడ ఛాతీలో పెడతారా?

ఇక 'జోన్ టూ' భజన. తేలిక పరుగులో నాడి గరిష్ఠంలో 60 నుంచి 70 శాతం మధ్యే ఉండాలట. 166 మీద లెక్కేస్తే ఈవిడ 116 దాటకూడదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి కాస్త జోరుగా నడిచినా దాటుతుంది! పైగా ఇది మే నెల, సముద్రం ఒడ్డు. ఒళ్లంతా చెమట, ఆరే దారి లేదు. ఒంటిని చల్లార్చడానికి నెత్తురు చర్మానికి పరుగుతీస్తుంది, చెమటగా నీరు పోయి నెత్తురు పరిమాణం తగ్గుతుంది, ఒక్కో పోటుకి గుండె తోసే నెత్తురు తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి గుండె వేగం పెంచుతుంది. పేస్ మారకపోయినా అరగంట గడిచేసరికి అంకె ఎగబాకుతుంది. గుండె తన పని తాను చేస్తుంటే తప్పు చేసిందని గద్దించడమేమిటి? చలిదేశాల్లో తయారైన పట్టికల్ని తెచ్చి మన ఉక్కపోత నెత్తిన రుద్దడమేమిటి?

బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకి గుండె వేగం మామూలంత పైకి పోదు, వాళ్లకి ఈ లెక్కలు అసలే కుదరవు. మాత్రల సంగతి అడిగే కోచ్‌ని నేనింతవరకూ చూడలేదు.

ఈ అంకెలేవీ లేని రోజుల్లో మన దేశపు పరుగువీరుడు శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ పూర్తిచేశాడు. చాలా పరుగులు ఒట్టికాళ్లతోనే. నలభై ఏళ్లకు పైగా ఆ జాతీయ రికార్డు చెక్కుచెదరలేదు. పోలార్ కంపెనీ తీగ లేని నాడి యంత్రం తెచ్చింది ఆ తరవాత, 1980ల మొదట్లో. ఆయనకి ఏ జోన్ ఎవరు చెప్పారు? ఈ కాలపు పిల్లలకి ఆయన పేరే తెలీదు, వాచీ మోడల్ నంబర్లు మాత్రం కంఠతా వచ్చు. నాకు బాధ కలిగించేది అదే.

ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే, అందులో వాదన లేదు. మామూలు రోజుల్లో మాత్రం, పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతుంటే ఆ పరుగు తేలికైనదే. మాట ముక్కలవుతుంటే జోరెక్కువైనట్టు. కష్టపడే రోజు ఎంత కష్టపడాలో ఒళ్లే నేర్పుతుంది, కొన్ని నెలలు పడుతుంది. ఆ రోజు ఆవిడ పెళ్లిపందిరి ఖర్చు దగ్గర్నుంచి వియ్యపురాలి మాటతీరు వరకూ ఊపిరి తిప్పుకోకుండా చెబుతున్నారు. అంతకన్నా ఏ పరీక్ష కావాలి?

నిన్న ఫోన్ చేస్తే ఇక రానన్నారు. "నా గుండె మంచిది కాదటండీ" అన్నారు. ఈ ఆదివారం నాలుగున్నరకే వాళ్లింటికి వెళ్తున్నాను. వాచీ ఇంట్లో పెట్టి రమ్మంటాను.