ఊరిని కట్టు విద్య

మన పాఠ్యపుస్తకములలో కవులున్నారు, రాజులున్నారు, సంఘసంస్కర్తలున్నారు, శాస్త్రజ్ఞులున్నారు. పుట్టినది మొదలు గిట్టువరకు ఎవరి చేతిపని నడుమ బ్రతుకుచున్నామో ఆ వాస్తుశిల్పులు మాత్రము ఇంచుమించు కానరారు. పద్యము నచ్చనిచో పుస్తకము మూయవచ్చును. నచ్చని కట్టడమును మూయుట ఎవరి తరము? అది రెండు మూడు తరములవారి కన్నులయెదుట నిలిచియే యుండును. కావున ఒక వాస్తుశిల్పిని విద్యార్థులకు పరిచయము చేయుట సాహిత్యపుటకు దూరమైన పని కాదని నా అభిప్రాయము.

ఆ శిల్పి జపాను దేశీయుడైన ఫుమిహికో మాకీ. ఈ పేరు తెలుగువారికి బొత్తిగా క్రొత్తది కాదు. 2016 మార్చిలో అమరావతి రాజధానిలోని పరిపాలనా భవనసముదాయమునకై జరిగిన అంతర్జాతీయ పోటీలో న్యాయనిర్ణేతలు ఎన్నుకొన్నది వీరి సంస్థనే. శాసనసభకును ఉన్నత న్యాయస్థానమునకును వారు గీసిన చిత్రములు వెలువడగానే, అవి విద్యుత్కేంద్రముల గొట్టములవలె నున్నవని కొందరు పరిహసించిరి. ఆ యేడాది ముగియకమునుపే పని వారి చేతినుండి తొలగినది. తరువాత ఇంగ్లండునకు చెందిన నార్మన్ ఫాస్టరు సంస్థకు దక్కినది. తమ్ము తొలగించిన తీరును ఆక్షేపించుచు మాకీ భారతీయ వాస్తుశిల్పుల మండలికి లేఖ వ్రాసిరి. ఎవరిది న్యాయమను విచారణ ఇక్కడ నా యుద్దేశము కాదు. ఆ చిత్రములను చూచి మెచ్చినవారును నవ్వినవారును ఉన్నారు గాని, వాటి వెనుకనున్న జీవితకాలపు ఆలోచనను చదివినవారు బహుస్వల్పము. నా చింత అదియే.

మాకీ 1928లో టోక్యో నగరమున జన్మించిరి. టోక్యో విశ్వవిద్యాలయమున సుప్రసిద్ధ శిల్పి కెంజో టాంగెవద్ద శిష్యరికము చేసి, పిమ్మట అమెరికాలో క్రాన్‌బ్రూక్, హార్వర్డు విద్యాలయములలో చదివి, సెయింట్ లూయీ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున అధ్యాపకులైరి. 1958లో గ్రాహం ఫౌండేషన్ వారి ఆర్థిక సాహాయ్యము లభింపగా ఆసియా, ఐరోపా దేశములు తిరిగిరి. మన దేశమునకును వచ్చి, చండీగఢులో లె కార్బూజియేను కలిసికొనిరి. ఆ యాత్రలో వారి మనస్సును పట్టుకొన్నవి మధ్యధరా సముద్రప్రాంతపు పల్లెలు. అక్కడ గోడల తీరు ఒక్కటి, కప్పుల తీరు ఒక్కటి. అయినను ఏ యిల్లును మరియొక యింటికి అచ్చుగ్రుద్దినట్లుండదు. ఒక యిల్లు కూలినను, పది యిండ్లు క్రొత్తగా చేరినను ఊరి రూపు చెడదు. 1964లో ప్రకటించిన తమ గ్రంథమున ఆయన దీనిని ‘సమూహరూపము’ అనిరి. ఒకరు గీసి ఒక్కసారిగా కట్టించు కూర్పు ఒక విధము. సర్వమును ఒక్క బ్రహ్మాండమైన చట్రములో నిమిడ్చు మహాకట్టడము రెండవ విధము. తరతరములుగా ఒకదాని ప్రక్క నొకటి పెరుగు సమూహరూపము మూడవది.

దీనిని గ్రహించుటకు అనకాపల్లి విద్యార్థి మధ్యధరా తీరమునకు పోనక్కఱలేదు. ఊరి చేరువనున్న శంకరమునకు పోయిన చాలును. సంఘారామమను మాటయే శంకరమైనదని చెప్పుదురు. అక్కడ బొజ్జన్నకొండ ప్రక్కనున్న లింగాలకొండమీద బౌద్ధులు రాతినే మలచిన స్తూపములు పెద్దవియు చిన్నవియు గుంపులుగా, వరుసలుగా నున్నవి. పరిమాణములు వేరు, ఆకృతి ఒక్కటి. ఏ స్తూపమును ప్రక్కదానిని అణచదు. కొండ రూపమును చెఱుపదు. ఇదంతయు ఒక్కనాటి పనియు కాదు, ఒక్కని పనియు కాదు. మాకీ చెప్పిన సమూహరూపమునకు ఇంతకంటె దగ్గఱి ఉదాహరణము మనకు దొరకునని నేననుకొనను.

మాకీ ఈ మాటను గ్రంథములోనే విడిచిపెట్టలేదు. 1965లో టోక్యోలో సొంత సంస్థను స్థాపించిన పిమ్మట, డైకన్‌యామా ప్రాంతమున అసకురా కుటుంబమువారి స్థలములో ‘హిల్‌సైడ్ టెర్రస్’ అను సముదాయమును చేపట్టిరి. ఇండ్లు, అంగళ్లు, ప్రదర్శనశాలలు గల ఆ సముదాయపు తొలిభాగము 1969లోను, ఆరవభాగము 1992లోను ముగిసినవి. ఒక్కొక్క భాగము మునుపటి భాగము నేర్పిన పాఠముతో రూపొందినది. ఆ స్థలములో నున్న పురాతనమైన సమాధిదిబ్బను త్రవ్విపోయక, చెట్లతోకూడ కట్టడముల నడుమ నిలిపిరి. 1993లో వారికి ప్రిట్జ్‌కర్ బహుమానము లభించినది. జపానులో గురువైన టాంగె తరువాత దాని నందుకొన్నది ఈ శిష్యుడే. పాట్నాలో 2017లో పూర్తిగా తెరవబడిన బీహారు మ్యూజియమును ఒక్క పెద్ద మేడగా గాక, ముంగిళ్లతో కలిసిన భవనముల గుంపుగా రూపొందించినవారు వీరే. ఎత్తైనవి కట్టలేనివారును కారు. న్యూయార్కులో 2001లో జంటసౌధములు కూలిన చోట 2013లో తెరచిన నాలుగవ సౌధము వారిదే. 72 అంతస్తులున్నను అది ప్రక్కనున్న స్మారకస్థలమునెదుట పెద్దఱికము చూపక, తన అద్దపుగోడలలో ఆకాశమును చూపించును. 2024 జూన్‌లో, 95 ఏండ్ల వయస్సున మాకీ దివంగతులైరి.

ఇది మన కేల? 2022 ఏప్రిల్ 4వ తేదీన అనకాపల్లి జిల్లాకేంద్రమైనది. జిల్లాకేంద్రమునకు కార్యాలయములు కావలెను, న్యాయస్థానములు కావలెను, వసతిగృహములు కావలెను. రాబోవు ఇరువదియేండ్లలో కట్టబడునవి నూరేండ్లపాటు ఈ ఊరి ముఖమగును. అవసరము ముందు, అందము తరువాత అని కొందరందురు. పాతికేండ్లు ఒక వీథిని కట్టుట ధనికదేశమునకే చెల్లునందురు. నిజమునకు విడతలుగా కట్టుకొనుట ధనము చాలనివాని పద్ధతియే. మన తాతలు ఈ యేడు గది, పై యేడు వసారా వేసికొనినవారే. మొదటి గది వేయునపుడే రెండవదాని చోటు మనస్సున నుంచుకొనిరి. మనము మఱచినది ఆ ముందుచూపును. నేడు ప్రతి కార్యాలయమును తన ప్రహరీ తాను కట్టుకొని, ప్రక్కకార్యాలయమునకు వీపు చూపుచున్నది. వాటి నడుమ చెట్టునీడ లేదు, నడచు దారి లేదు. పనికై వచ్చిన రైతు కూర్చుండుటకు అరుగు లేదు. పూర్వము పెంకుటింటి అరుగు ఇంటివానిది, బాటసారిది కూడ. అరుగును కట్టిన జాతికి సమూహరూపము పరదేశి విద్య యెట్లగును?

ఉపాధ్యాయులకు నా మనవి యొక్కటి. ఒక ఆదివారము పిల్లలను లింగాలకొండకు తీసికొనిపోయి, స్తూపముల నడుమ నున్న ఖాళీస్థలమును కాగితముపై గీయుమనుడు. తిరిగివచ్చి, తమ వీథిలో ఇండ్ల నడుమ నున్న చోటును అట్లే గీయుమనుడు. ఆ పిల్లలలో ఇంజనీరు లుందురు, పురపాలక సభ్యు లుందురు, ఇల్లు కట్టుకొనువారు అందఱు నుందురు. కట్టడముల నడుమ నున్న చోటు కూడ ఊరి సొత్తేయని వారు బడిలోనే తెలిసికొన్నచో, మరియొక మాకీ పటములు మన ముంగిటికి వచ్చిన నాడు, మెచ్చుటకు గాని కాదనుటకు గాని మనకు చదువు చాలును.