నీటిని చదివే కన్ను మిగలాలి

రొయ్యల గుంటకు తెల్లవారుజాము గండం వేళ. పగలు ఎండ తగిలినంతసేపు నీటిలోని ప్లాంక్టన్ ఆక్సిజన్‌ను తయారుచేస్తుంది. చీకటి పడ్డాక రొయ్యలతోపాటు తానూ దాన్నే పీలుస్తుంది. మూడు, నాలుగు గంటలయ్యేసరికి నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. అడుగున తిరగాల్సిన రొయ్యలు పైకి తేలి గట్టువారకు చేరాయంటే ఇక నిమిషాల మీదే లెక్క. నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట నుంచి తోటపల్లిగూడూరు, ముత్తుకూరు దాకా తీరం వెంట రొయ్యలు సాగుచేసే ఊళ్లకు ఈ భయం కొత్త కాదు.

మునుపు ఈ గండాన్ని మనిషే పసిగట్టేవాడు. పగలు మబ్బు పట్టిందా, సాయంత్రం గాలి పడిపోయిందా, నీరు మరీ చిక్కటి పచ్చగా మారిందా అన్నవి చూసుకుని రాత్రి ఎలా గడుస్తుందో అంచనా కట్టేవాడు. అర్ధరాత్రి టార్చిలైటు వేసి నీటి అంచున మెరిసే కళ్ల కోసం వెతికేవాడు. ఇప్పుడు కొన్ని గుంటల్లో ఆ పనిని సెన్సర్ అందుకుంది. ఆక్సిజన్ పడిపోతే ఫోను మోగుతుంది. నీటికి గాలి అందించే ఏరియేటర్లు వాటంతటవే తిరుగుతాయి. మేతను యంత్రం చల్లుతుంది. రైతు ఆ రాత్రి కంటినిండా నిద్రపోతాడు. ఆ నిద్ర విలువ తెలిసినవారెవరూ యంత్రాన్ని తప్పుపట్టరు. కానీ ఫోను మోగుతుందన్న ధీమా కుదిరాక సాయంత్రం నీటి రంగు చూడాల్సిన అవసరం గట్టు మీద మనిషికి ఉండదు. అవసరం లేని చూపు కొన్నేళ్లకు మందగిస్తుంది. యంత్రం వద్దనడానికి కాదు, ఆ చూపును ఎలా నిలుపుకోవాలో ఆలోచించడానికే ఈ వ్యాసం.

ట్రే నేర్పే చదువు

రొయ్యల సాగు ఖర్చులో దాదాపు సగం మేతదే. ఎక్కువ వేస్తే అడుగున కుళ్లి నీటిని పాడుచేస్తుంది. తక్కువ వేస్తే ఎదుగుదల ఆగిపోతుంది. రొయ్య తిన్నదో లేదో పైనుంచి కనిపించదు కాబట్టి చెక్ ట్రే వచ్చింది. మేత వేసేటప్పుడు కొంత ఆ ట్రేలో పెట్టి నీటిలోకి దించుతారు. గంటా రెండు గంటల తర్వాత పైకి తీస్తారు. ట్రే ఖాళీగా ఉంటే తర్వాతి పూట మేత పెంచవచ్చు. మిగిలితే తగ్గించాలి.

చెప్పడానికి ఇంతే. ట్రే ఎత్తిన మనిషి చూసేది మాత్రం ఇంకా చాలా ఉంటుంది. ట్రేలో పడిన రొయ్యను వెలుతురుకు ఎత్తిపట్టి పేగు నిండుగా ఉందా, తెగిపోయి ఉందా, తెల్లబడిందా చూస్తాడు. గుల్ల మెత్తగా ఉంటే గుల్ల విడిచే రోజులని, తిండి తగ్గడం సహజమేనని గ్రహిస్తాడు. అమావాస్య, పౌర్ణమి దగ్గరపడితే ఆ సంగతి ముందే లెక్కలో వేసుకుంటాడు. ట్రేకు అంటిన బురద నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన వస్తే అడుగు చెడిందని అర్థం. అంటే మేత మిగలడం ఒకే గుర్తయినా దానికి కారణాలు అరడజను. అందులో ఈ పూటకు ఏది నిజమో తేల్చాలి. రోజుకు మూడు నాలుగు సార్లు, పంట కాలం మూడు నాలుగు నెలలు ఇలా తేల్చుకుంటూ పోతే, బడి మొహం చూడని మనిషి కూడా గుంటకు వైద్యుడవుతాడు.

మేత పెట్టడాన్ని బయటివాళ్లు రోజువారీ చాకిరీ అంటారు. ఆ చాకిరీ లోపలే ఈ చదువంతా ఉంది. యంత్రం చాకిరీని తీసేస్తే దానితోపాటు చదువూ పోతుంది.

యంత్రం ఊరికే రాలేదు

యంత్రం రావడానికి బలమైన కారణమే ఉంది. 1990ల తొలినాళ్లలో టైగర్ రొయ్య ఈ తీరానికి డబ్బు తెచ్చింది. వరి మడులు గుంటలయ్యాయి. 1994-95లో తెల్లమచ్చ వ్యాధి వచ్చి ఆ సంపదను తుడిచిపెట్టింది. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల సాగుపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి దొరికాక సాగు మళ్లీ లేచింది. అయితే ఈసారి లెక్క మారింది. వనామీని చదరపు మీటరుకు 60 పిల్లల దాకా వేయవచ్చని అథారిటీ పరిమితి పెట్టింది. అంత దట్టంగా పెరిగే ప్రాణులకు ఏరియేటర్ ఊపిరితో సమానం. కాసేపు కరెంటు పోయి, జనరేటరు అందుకోకపోతే పంట మొత్తం పోయే పరిస్థితి వచ్చింది.

పొరపాటుకు చోటు అంత ఇరుకైనప్పుడు ఎవరైనా కొలతనే నమ్ముకుంటారు. విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ నీటిపై తేలే సెన్సర్లను, మేత యంత్రాలను తయారుచేసింది ఈ అవసరం కోసమే. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. కన్ను ఎంత పండినా అమ్మోనియాను చూడలేదు. తెల్లమచ్చ వైరస్‌ను పీసీఆర్ పరీక్ష పట్టుకోగలదు కానీ అనుభవం పట్టుకోలేదు. 1995లో పండిన కళ్లెన్నో ఉండి కూడా పంటలు పోయాయి. కాబట్టి పాతదంతా బంగారమని చెప్పడం చేతికొచ్చిన పంట పోగొట్టుకున్న రైతుకు న్యాయం చేయడం కాదు.

కండ పనా, ఆలోచన పనా

అసలు అడగాల్సింది యంత్రం మనిషి నుంచి ఏ పని తీసుకుంటోందన్నది. మేత బస్తా మోయడం, వానలో తెప్ప మీద తిరుగుతూ మేత చల్లడం, రాత్రంతా పాముల మధ్య గట్టు మీద కాపలా కాయడం కండను అరగదీసే పనులు. వాటిని యంత్రం తీసుకుంటే మనిషికి మేలు. ఎంత మేత వేయాలి, ఎప్పుడు ఆపాలి, ఈ రంగు మార్పు మంచిదా చెడ్డదా అని నిర్ణయించడం ఆలోచన పని. యంత్రం దాన్నీ తీసుకుని మనిషికి బటన్ నొక్కడం, బస్తా నింపడం మిగిల్చినప్పుడు నష్టం మొదలవుతుంది.

ఈ నష్టం గురించి లోకానికి ఎప్పుడో తెలుసు. పనిని ముక్కలు చేస్తే ఉత్పత్తి పెరుగుతుందని 1776లో చెప్పిన ఆడం స్మిత్, జీవితమంతా ఒకటి రెండు చిన్న పనులకే పరిమితమైన మనిషి బుద్ధి మొద్దుబారుతుందని అదే గ్రంథంలో హెచ్చరించాడు. 1983లో లిసాన్ బైన్‌బ్రిడ్జ్ అనే పరిశోధకురాలు కంట్రోల్ రూముల గురించి రాస్తూ ఇంకో చిక్కును చూపించారు. తేలిక పనులన్నీ యంత్రానికి అప్పగిస్తాం. యంత్రం చేయలేని కష్టమైన ఘడియను మనిషికి వదిలేస్తాం. ఆ ఘడియకు కావలసిన నేర్పు రోజూ తేలిక పనులు చేస్తూనే వస్తుంది కదా? వాటిని తీసేసిన తర్వాత నేర్పు ఎక్కడినుంచి వస్తుంది? నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లను తెరల ముందు కూర్చుని నడిపేవారికీ, ఫోను చేతపట్టుకుని గట్టు మీద నిలబడ్డ కూలీకీ ఈ ప్రశ్న ఒకటే.

దీనికి మూల్యం ఎంతో 2009 జూన్ 1న తెలిసింది. అట్లాంటిక్ మీదుగా పోతున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానంలో వేగాన్ని కొలిచే గొట్టాలకు మంచు పట్టింది. ఆటోపైలట్ ఆగిపోయింది. విమానం ఏ స్థితిలో ఉందో పైలట్లకు అంతుపట్టలేదు. 228 మంది ప్రాణాలు పోయాయి. 2013లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ, పైలట్లు వీలైనప్పుడల్లా విమానాన్ని చేత్తో నడుపుతూ ఉండాలని ఎయిర్‌లైన్స్‌కు సూచించింది. 2025లో పోలండ్ వైద్యుల మీద ఒక పరిశీలన వెలువడింది. పెద్దపేగు పరీక్షలో కృత్రిమ మేధ సాయానికి అలవాటుపడ్డాక, ఆ సాయం లేకుండా చేసిన పరీక్షల్లో కణుతులు కనిపెట్టిన రేటు సుమారు 28 శాతం నుంచి 22 శాతానికి పడిపోయింది. ఏళ్లకేళ్లు చదివిన డాక్టర్ల చూపే కొన్ని నెలల్లో అలా తగ్గగలిగితే, చూసి నేర్చుకోవడం తప్ప మరో చదువు లేని కూలీ సంగతి ఆలోచించాలి.

గుంటల్లో ఇంకో తేడా ఉంది. పాతవారు తమకు వచ్చినది మరచిపోవడం ఒక నష్టం. కొత్తవారికి అసలు నేర్చుకునే సందర్భమే రాకపోవడం అంతకంటే పెద్ద నష్టం. ట్రే ఎత్తని కుర్రాడికి పేగు రంగులోని తేడా ఎవరు చెప్పినా తెలియదు.

సముద్రం మీద నేర్చుకోదగిన పాఠం

ఇదే తీరంలో యంత్రమూ మనిషీ ఇంకోలా కలిసి నడిచిన దారి కూడా ఉంది. శ్రీహరికోట నుంచి 1999, 2009, 2022 సంవత్సరాల్లో ఓషన్‌శాట్ ఉపగ్రహాలు ఒకదాని వెంట ఒకటి నింగికెగిశాయి. ఉపగ్రహాలు కొలిచే సముద్రపు రంగునూ, పైనీటి వేడినీ ఆధారం చేసుకుని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్ల గురించి మత్స్యకారులకు సమాచారం పంపుతుంది. వెచ్చటి నీరు, చల్లటి నీరు కలిసే చోట ప్లాంక్టన్ పేరుకుంటుంది, దాని కోసం చేప వస్తుంది అన్నది దాని వెనకున్న సూత్రం. నీటి రంగు, పక్షుల వాలు చూసి తీరంలోని పెద్దలు వెతికేదీ అదే చేపను.

ఆ సమాచారం ఎంత దూరంలో, ఏ దిక్కున, ఎంత లోతులో వెతకాలో చెబుతుంది. ఏ వల వేయాలో, ఆ రోజు ప్రవాహం ఎటు లాగుతోందో, ఎప్పుడు వెనక్కి తిరగాలో బోటులోని మనిషే తేల్చుకోవాలి. పైగా మబ్బు కమ్మితే ఉపగ్రహం కన్నూ మూతపడుతుంది. యంత్రం వెతుకులాట తగ్గించింది, డీజిల్ ఆదా చేసింది, నిర్ణయాన్ని మాత్రం మనిషి చేతిలోనే ఉంచింది. గుంటల్లోకి వచ్చే పరికరాలను కూడా ఈ పద్ధతిలో మలచుకోవచ్చు.

ఎవరి తెలివికి విలువ

గుంటల మీద కాపలాకూ కూలికీ ఉండేవారిలో యానాదులు చాలామంది. కాలువల్లో, ఉప్పుటేరుల్లో చేత్తో చేపను పట్టగల నేర్పు, చెట్టూ పుట్టా ఆనవాళ్లు చదివే నేర్పు తరతరాలుగా ఉన్నవారు వీరు. రాకెట్ కేంద్రం రాకముందు శ్రీహరికోట అడవి వారి ఇల్లు. నీటి గురించి ఇంత తెలిసినవారిని ఈ పరిశ్రమ కాపలా మనుషులుగానే లెక్కగట్టింది. వారి చూపు వల్ల పంట నిలిచిన రాత్రులకు కూలి లెక్కల్లో చోటు లేదు.

ఇప్పుడు సెన్సర్ చెప్పే సంగతి యజమాని ఫోనుకు పోతుంది. గట్టు మీద ఉన్న మనిషికి ఆదేశం మాత్రమే వస్తుంది. ఎందుకో తెలియకుండా ఏరియేటర్ వేసే మనిషికి తన పని మీద ఆలోచన పుట్టదు. ఆలోచించనివ్వని పనికి తక్కువ కూలి చాలనడం కూడా తేలిక. నైపుణ్యం పోవడమూ, బేరమాడే శక్తి పోవడమూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అందుకే ఇది సాంకేతిక విషయం ఎంతో, కూలి విషయమూ అంతే.

చేయగలిగినవి

మొదటిది, ముందు అంచనా, తర్వాత మీటరు. గట్టు మీద మనిషి నీటిని చూసి తన అంచనా చెప్పాలి. దాన్ని గుంట పుస్తకంలో రాశాకే మీటరు చూడాలి. రెండింటికీ తేడా వస్తే ఎందుకొచ్చిందో మాట్లాడుకోవాలి. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా సెన్సరే గురువవుతుంది.

రెండోది, మేత యంత్రం ఉన్నా చెక్ ట్రే మానకూడదు. వారంలో ఒక రోజయినా మేతను ట్రే చూసే నిర్ణయించాలి. ఆ పనికి పాతవారి పక్కన కొత్తవారిని నిలబెట్టాలి.

మూడోది, పరికరం చెప్పే సంగతి, దాని కారణం తెలుగులో, గట్టు మీద మనిషి ఫోనుకు కూడా రావాలి. 'ఏరియేటర్ వేయి' అని ఊరుకుంటే చాలదు. 'మబ్బు వల్ల పగలు ఆక్సిజన్ తక్కువ తయారైంది, తెల్లవారుజామున పడిపోవచ్చు' అని చెప్పాలి. మాటలో ఆ చిన్న తేడాతోనే కూలీ సాంకేతిక నిపుణుడయ్యే దారి తెరుచుకుంటుంది.

నాలుగోది, శిక్షణ యజమానితో ఆగకూడదు. చిన్న రైతుల సంఘాలను కూడగట్టడానికి సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ఎంపెడా 2007లో నాక్సా సంస్థను పెట్టింది. ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. ఊళ్లలో మత్స్యశాఖ సిబ్బంది ఉన్నారు. వీరంతా గుంట పనివారిని శిక్షణకు పిలవాలి, వారికి తెలిసిన ఆనవాళ్లను వారి నోటనే విని నమోదు చేయాలి. నేర్పు నిరూపించుకున్నవారికి ధ్రువపత్రం, దానికి తగిన కూలి ఉండాలి. పంట మిగుల్లో కొంత వాటా ఇస్తే ఇంకా మంచిది.

ఈ తీరానికి వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాల కాలంలో వస్తాయి, తుపాన్లతో కలిసి వస్తాయి. 2015 నవంబరు వరదలూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానూ నెల్లూరుకు గుర్తున్నాయి. అలాంటి రాత్రుల్లో కరెంటు పోతుంది, సెల్ టవర్ మూగబోతుంది. వాన నీరు తేలికగా పైన పరుచుకుని కింది ఉప్పునీటికి గాలి అందనివ్వదు. సెన్సర్ ఏం కొలిచినా ఆ సంగతి ఎవరికీ చేరదు. అప్పుడు పైనీటిని ఏ తూము నుంచి వదలాలి, మేత ఎన్ని పూటలు ఆపాలి, ఉన్న డీజిల్‌తో ఏ గుంట ఏరియేటర్ ముందు తిప్పాలి అని తేల్చేది గట్టు మీద తడుస్తూ నిలబడ్డ ఆ ఒక్క మనిషే. ఆ రాత్రికి కావలసిన తెలివి అతనికి ఎండ కాసిన మామూలు రోజుల్లో, ట్రే ఎత్తి చూసిన ప్రతి పూటా కాస్త కాస్తగా వస్తుంది. ఆ పూటలను అతని దగ్గరనుంచి లాక్కోకుండా యంత్రాన్ని వాడుకోవడం మన చేతిలోనే ఉంది.