వీపు చూసి కాదు, ముక్కు చూసి తేల్చండి

మాగాణి మినుము పిందె కట్టే టైముకి మా గన్నవరం వైపు ఒకటే మాట: "చేలో కంపు నల్లి పడింది, ఏం కొట్టమంటారు?" నేనైతే ముందు, అది ఏ నల్లో చూశారా అని అడుగుతాను. డాలు లాంటి వీపున్నవన్నీ శత్రువులు కావు.

గింజ రసం పీల్చేది ఆకుపచ్చ నల్లి, నెజారా విరిడ్యులా. సెంటీమీటరు పైచిలుకు పొడవు. వీపు మీద త్రికోణం మొదట్లో వరసగా మూడు చిన్న తెల్ల చుక్కలుంటాయి. ఇది పొడిచిన కాయలో గింజ ముడుచుకుపోతుంది.

అదే ఆకారంలో యూకాంథికోనా అని ఇంకోటుంది. గోధుమ రంగు, భుజాల మీద ముళ్లు. ఇది పొగాకు లద్దెపురుగుని పొడిచి తాగేస్తుంది. జీతం అడగని పాలేరు అన్నమాట!

వీడియోలో చూపించినట్టు వెల్లకిలా తిప్పి ముక్కు చూడండి. సన్నగా ఉండి కడుపుకి ఆనుకుని ఉంటే పైరు పీల్చేది. లావుగా ఉండి ముందుకి చాపగలిగితే వేటాడేది.

ఇక జీవిత చక్రం. ఆకుపచ్చ నల్లి ఆకు అడుగున పీపాల్లాంటి గుడ్లు వరసగా అతికిస్తుంది. మొదట లేత పసుపు, పొదిగే ముందు గులాబీ రంగు. మన ఎండలకి వారం లోపే పిల్లలొస్తాయి. మొదటి దశ పిల్లలు పైరు ముట్టవు, గుడ్ల పెంకుల మీదే గుంపుగా ఉంటాయి. ఐదుసార్లు కుబుసం విడిచాకే రెక్కలొస్తాయి. గూడు దశ లేదు.

మనకి దొరికే అవకాశం ఆ గుంపు దశే. ఆకుతో సహా తుంచి సబ్బు నీళ్లలో వేస్తే సరి. నల్లబడిన గుడ్లు మాత్రం వదిలేయండి, వాటిలో మన మిత్ర కందిరీగ పిల్ల ఉండొచ్చు.

"సహజమే కదా, కషాయం కొడితే పోయేదేముంది?" అనే వాదన నాకు నచ్చదు. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంది. దానికి మిత్రుడూ శత్రువూ తేడా తెలీదు. వేప పనిచేసేది ఎక్కువగా కుబుసం విడిచే పిల్లల మీద. రెక్కలొచ్చిన పెద్ద నల్లి ఎగిరి పక్క చేలోకి పోతుంది, మిగిలేది కూలి ఖర్చే.

ఎకరమంతా తిప్పి చూడక్కర్లేదు. పొద్దున్నే ఎండ కాచుకోడానికి నల్లులు మొక్క పైకి వస్తాయి. గట్టు వారగా మొదలుపెట్టి ఐదు చోట్ల చూడండి చాలు. కొట్టాలా వద్దా అన్నది ఆ తర్వాత మాట.