మందులకు లొంగని క్రిములు – మన వంతు బాధ్యత



యాంటీబయాటిక్ మందులకు లొంగని సూక్ష్మక్రిముల గురించి ఈ మాసం మీతో మాట్లాడదలచాము. చాలా బాక్టీరియాలలో ప్లాస్మిడ్ అనే చిన్న ఉంగరం వంటి డి.ఎన్.ఎ. ఉంటుంది. మందును తట్టుకునే జన్యువులు తరచుగా దానిలోనే ఉంటాయి. ఒక క్రిమి దాని నకలును పక్క క్రిమికి, వేరే జాతిదైనా సరే, అందించగలదు. మన పేగులలో హాని చేయకుండా ఉన్న క్రిమి నుండి జబ్బు చేసే క్రిమికి ఆ శక్తి ఇలాగే చేరుతుంది.

శాస్త్రవేత్తలు పరిశోధనలో ప్లాస్మిడ్‌ను పనిముట్టుగా వాడుతారు. ఒక మందును తట్టుకునే జన్యువును దానిలో గుర్తుగా పెడతారు. ఆ మందు వేస్తే ప్లాస్మిడ్ చేరిన క్రిములే బ్రతుకుతాయి. క్రిమి ముందే ఆ మందుకు లొంగనిదైతే ఈ గుర్తు పనికిరాదు. అప్పుడు గుర్తు మార్చి, హైగ్రోమైసిన్ వంటి మరొక మందును ఎంచుకుంటారు. అది మనిషి కణాలకు కూడా విషమే. గాజు పళ్లెంలో వాడవచ్చు గాని రోగికి ఇవ్వలేము. ల్యాబులో ఉన్న వెసులుబాటు వార్డులో లేదు. అందుకే ఉన్న మందులను కాపాడుకోవాలని మా అభిప్రాయం.

తప్పంతా రోగులదే అనము. హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఆ దిగువ వాగు మట్టిలో మందులను తట్టుకునే జన్యువులు, ప్లాస్మిడ్‌లు అధికంగా ఉన్నట్లు 2011లో తెలిపారు. కంపెనీలను అదుపు చేయవలసినది ప్రభుత్వమే.

అయితే మన ఇంటి అలమర మన చేతిలోనే ఉంది. 2014 మార్చి 1 నుండి అమలైన హెచ్1 నిబంధన ప్రకారం అనేక బలమైన యాంటీబయాటిక్‌లను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదు. రొళ్లలోనైనా, మడకశిరలోనైనా, హిందూపురంలోనైనా చట్టం ఒక్కటే. చీటీ లేకుండా అడగవద్దు. జలుబుకు, వైరస్ జ్వరానికి ఇవి పనిచేయవు. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడండి. మిగిలిన మాత్రలు దాచవద్దు, పొరుగువారికి ఇవ్వవద్దు.

పొరుగువారిని ప్రేమించుటలో ఇదియు ఒక భాగమే. రేపు వారి బిడ్డకు అదే మందు అవసరం కావచ్చును.